లినక్స్ పాఠాలు తెలుగులో రాసి అందరికీ ఇవ్వాలంటే

ప్రశ్న: పాలకొల్లు దగ్గర ఒక ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్ చెబుతున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్ భాగానికి మాకు 40 గంటలు దొరుకుతాయి. ల్యాబ్‌లో 20 పాత కంప్యూటర్లు ఉన్నాయి, అన్నీ 4 జీబీ ర్యామ్‌వే. నెట్ ఒక రోజు ఉంటే రెండు రోజులు ఉండదు. పాఠాలు, ల్యాబ్ షీట్లు తెలుగులో నేనే తయారుచేసి, తర్వాత ఓపెన్ సోర్స్‌గా అందరికీ ఇవ్వాలని ఉంది. దేనిలో రాయాలి, ఏ లైసెన్స్ పెట్టాలి, తెలుగు ఎంత ఉండాలి?

జవాబు:

మేడమ్ గారూ, మీరు అడిగిన మూడింటికీ జవాబు చెబుతాను. వాటికంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఓపెన్ సోర్స్ పాఠం అంటే ఉచితంగా దొరికే పీడీఎఫ్ అని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో దానికి ఒకటే పరీక్ష. మీరెవరో తెలియని ఒక మాస్టారు రాజోలులోనో తణుకులోనో ఉన్నారు. రేపు పొద్దున్న ఆయనకు క్లాసు. రాత్రి మీ పాఠం తెరిచి, అందులో తప్పు ఉంటే దిద్దుకుని, తన ల్యాబ్‌కు సరిపడేలా రెండు లైన్లు మార్చుకుని, పొద్దున్నే ప్రింటు తీయగలగాలి. అది చేయగలిగితే మీ పాఠం ఓపెన్. లేకపోతే ఏ లైసెన్స్ రాసినా అది మూసిన పుస్తకమే. నేను కింద చెప్పేవన్నీ ఆ మాస్టారిని మనసులో పెట్టుకుని చెబుతున్నవే.

అమలాపురం, రావులపాలెం వైపు 18 ఏళ్లుగా డిప్లొమా, డిగ్రీ పిల్లలకు లినక్స్ చెబుతున్నాను. మొదటి బ్యాచ్‌కి 180 స్లైడ్లు తయారుచేశాను. ఆపరేటింగ్ సిస్టమ్ నిర్వచనం, విధులు, రకాలు, చరిత్ర, అన్నీ ఉన్నాయి. పిల్లలు శ్రద్ధగా నోట్సులో ఎక్కించుకున్నారు. మూడో వారం ల్యాబ్‌లో ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి, అందులోని ఫైల్‌ని మీ హోమ్ డైరెక్టరీలోకి తెచ్చుకోండి అన్నాను. ముప్పై మందిలో ఒక్కరికీ చేయి ఆడలేదు. ఫైల్ సిస్టమ్ నిర్వచనం అడిగితే మాత్రం అందరూ అప్పజెప్పారు. ఆ రాత్రి స్లైడ్లన్నీ పక్కన పెట్టేసి, ముందు ల్యాబ్ షీట్లు రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అదే పద్ధతి.

కాబట్టి 40 గంటల్ని రెండేసి గంటల చొప్పున 20 క్లాసులు అనుకోండి. ముందు 20 పనులు రాసుకోండి. ఫైల్ వెతకడం, పర్మిషన్ మార్చడం, ఆగిపోయిన ప్రోగ్రామ్‌ని ఆపడం, డిస్క్ ఎందుకు నిండిందో కనిపెట్టడం, కొత్త యూజర్‌ని చేర్చడం, పెన్‌డ్రైవ్ మౌంట్ చేసి సరిగ్గా తీయడం, ఇలా. ఒక్కో పనికి ఒక్క పేజీ ల్యాబ్ షీట్. ఆ పని చేయడానికి ఏ థియరీ కావాలో అంతవరకే స్లైడ్లు. మాటలు 20 నిమిషాలు దాటితే వెనక బెంచీలు మన చేతిలో ఉండవు, అది మీకూ తెలుసు.

ఉదాహరణల విషయానికి వస్తాను. గోదావరి డెల్టా పిల్లలకు ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పడం ఒక అదృష్టం. దాని లోపల జరిగేది వాళ్ల పొలాల దగ్గర ఏటా జరుగుతూనే ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండే వంటగది, లైబ్రరీ ఉదాహరణలు మనం తెచ్చుకోనక్కర్లేదు.

డైరెక్టరీ చెట్టు, అంటే ఫోల్డర్ లోపల ఫోల్డర్ ఉండే అమరిక, చెప్పాలంటే ధవళేశ్వరం ఆనకట్టని రూట్ (అన్నిటికీ మొదలైన డైరెక్టరీ) అనుకోమంటాను. 1852లో కాటన్ దొర కట్టడం పూర్తిచేసిన దగ్గరినుంచి డెల్టా నీళ్లన్నిటికీ మొదలు అదే. అక్కడినుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు, వాటినుంచి చిన్న కాలువలు, లాకులు, తూములు, పొలం గట్టున బోదె. ఆనకట్ట నుంచి మొదలుపెట్టి మీ చేను దాకా ఒక్కో పేరూ చెబితే అది అబ్సల్యూట్ పాత్. "మా లాకుల దగ్గరినుంచి రెండో తూము" అంటే రిలేటివ్ పాత్. రెండు చుక్కలు అంటే ఒక మెట్టు ఎగువకి. ఈ ఒక్క బొమ్మ బోర్డు మీద గీస్తే ఒక డైరెక్టరీ నుంచి ఇంకోదానికి వెళ్లే సీడీ కమాండ్‌కి మళ్లీ వివరణ అవసరం పడలేదు. మీ ల్యాబ్ షీట్‌లో పిల్లల చేత ఇదే చెట్టు డైరెక్టరీలుగా కట్టించండి. తమ ఊరి పేరుతో చివరి డైరెక్టరీ చేసుకున్న పిల్లవాడు దాని పాత్ మర్చిపోడు.

ఈ పోలిక అన్నిటికంటే బాగా పనికొచ్చేది షెడ్యూలింగ్‌కి, అంటే సీపీయూ సమయాన్ని పంచడానికి. దాళ్వాలో (రెండో పంటకి) గోదావరిలో నీళ్లు తగ్గితే వంతులవారీ పెడతారు కదా. ఇన్ని రోజులు ఈ కాలువకి, ఇన్ని రోజులు ఆ కాలువకి. సీపీయూ కూడా అంతే, ఒక కోర్ మీద ఒక క్షణంలో ఒక్క ప్రాసెస్సే (నడుస్తున్న ప్రోగ్రామే) నడుస్తుంది, మిగతావి వంతు కోసం కూర్చుంటాయి. వంతు అయిపోగానే షట్టర్ దించే లస్కరు (కాలువ కాపలాదారు) లాంటిది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూలభాగం. ఇక స్టార్వేషన్ (ఒక ప్రాసెస్‌కి సీపీయూ సమయం అందకుండా పోవడం) అనే మాటని పుస్తకంలో పేరా రాసి చెబుతారు. మా క్లాసులో శివారు భూములు అన్న ఒక్క మాట సరిపోతుంది. ఎగువ వాళ్లు లాగేసుకుంటూ ఉంటే శివారు చేనుకి వంతు వచ్చినా నీళ్లు రావు. ఆ మాట అనగానే ఉప్పలగుప్తం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి "మా చేనుదీ అదే బాధండీ" అంది. ఆ తర్వాత నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. డెడ్‌లాక్‌కి (ఒకదాని కోసం ఒకటి ఆగి రెండూ కదలకుండా పోవడానికి) ఇరుకు కాలువ గట్టు మీద ఎదురెదురుగా వచ్చిన రెండు ట్రాక్టర్లు. ఇద్దరూ వెనక్కి తగ్గరు, ఇద్దరూ ముందుకి పోలేరు.

అయితే మీ మెటీరియల్‌లో ప్రతి పోలికకీ అది ఎక్కడ తెగిపోతుందో కూడా రాయండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. నీళ్లు ఒకేసారి పది బోదెల్లో పారతాయి, ఒక కోర్ అలా పారదు. కాలువ వంతు రోజుల లెక్క, సీపీయూ వంతు మిల్లీసెకన్ల లెక్క. లస్కరు సమయం చూసి షట్టర్ దించుతాడు. లినక్స్‌లో 2007లో 2.6.23 కెర్నల్‌తో వచ్చిన సీఎఫ్ఎస్ షెడ్యూలర్ అయితే ఎవరికి ఇప్పటివరకు తక్కువ సమయం దొరికిందో లెక్క రాసుకుని వాళ్లకే ముందు వంతు ఇచ్చేది. 2023లో 6.6 కెర్నల్‌తో దాని స్థానంలో ఈఈవీడీఎఫ్ వచ్చింది. పోలిక చెప్పి ఆపేస్తే, పిల్లలు పరీక్షలో కాలువ గురించి రాసి వస్తారు. పోలిక తర్వాత వెంటనే కీబోర్డు మీద చూపించే ప్రయోగం ఉండాలి.

షెడ్యూలింగ్‌కి నేను చేయించే ప్రయోగం ఇది. ఊరికే లెక్కపెట్టుకుంటూ ఎప్పటికీ ఆగని చిన్న స్క్రిప్ట్ ఒకటి రాయిస్తాను. దాన్ని రెండుసార్లు బ్యాక్‌గ్రౌండ్‌లో నడపాలి. టాస్క్‌సెట్ కమాండ్‌తో రెండింటినీ ఒకే కోర్‌కి కట్టేయాలి, లేకపోతే చెరో కోర్ మీద హాయిగా నడుస్తాయి, పోటీయే ఉండదు. ఏ ప్రాసెస్ ఎంత సీపీయూ వాడుతోందో చూపే టాప్ కమాండ్‌లో చూస్తే సగం సగం కనిపిస్తుంది. ఇప్పుడు రెండోదానికి నైస్ విలువ 5 ఇవ్వండి, ఆ అంకె పెరిగితే దాని వాటా తగ్గుతుంది. వాటా సుమారు 75కి 25 అవుతుంది. కెర్నల్‌లో నైస్ 0కి బరువు 1024, నైస్ 5కి 335 అని పట్టిక ఉంది, ఆ నిష్పత్తే తెర మీద కనిపిస్తోంది. 19 ఇస్తే బరువు 15, అంటే దాదాపు ఒకటిన్నర శాతం. శివారు చేను అంటే ఏమిటో పిల్లలు అంకెల్లో చూస్తారు.

ఇందులో ఒక గుంట ఉంది. పిల్లలు రెండు టెర్మినల్ విండోలు తెరిచి ఒక్కోదాంట్లో ఒక్కో స్క్రిప్ట్ నడుపుతారు. అప్పుడు నైస్ 19 ఇచ్చినా సగం సగమే చూపిస్తుంది. 2011లో 2.6.38 కెర్నల్ నుంచి ఆటోగ్రూప్ అనే సదుపాయం ఉంది. ఒక్కో టెర్మినల్ సెషన్‌ని ఒక్కో గుంపుగా చూసి, ముందు గుంపుల మధ్య సమానంగా పంచుతుంది. నైస్ ప్రభావం ఆ గుంపు లోపలే. ఒక ఏడాది క్లాసు మధ్యలో ఇది నా ముందే జరిగింది, నాకు కారణం తెలియలేదు. ఆ అరగంట పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది. ఇప్పుడు నా షీట్‌లో "రెండూ ఒకే టెర్మినల్‌లో నడపండి" అని ఉంటుంది, టీచర్ నోట్సులో ఎందుకో ఉంటుంది. ప్రతి ల్యాబ్ షీట్‌కి తోడుగా టీచర్ నోట్సు ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఎంత సమయం పడుతుంది, పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారు, ఏ ఎర్రర్ వస్తుంది, ఏం చూసి సరే అనాలి. రాజోలు మాస్టారికి మన స్లైడ్ల కంటే ఆ అర పేజీ ఎక్కువ ఉపయోగం. చాలామంది పంచిపెట్టే మెటీరియల్‌లో సరిగ్గా అదే ఉండదు.

పర్మిషన్లకి నీటి సంఘం రిజిస్టరు తీసుకుంటాను. అధ్యక్షుడు చదవచ్చు, రాయచ్చు. సభ్యులు చదవచ్చు. బయటివాళ్లకి రెండూ లేవు. చదవడానికి 4, రాయడానికి 2. అధ్యక్షుడికి 6, సభ్యులకి 4, బయటివాళ్లకి 0, కాబట్టి 640. ఇంతవరకు పోలిక చక్కగా కుదురుతుంది. డైరెక్టరీ దగ్గరికి వచ్చేసరికి కుదరదు. డైరెక్టరీకి చదివే పర్మిషన్ ఉండి ఎక్స్ బిట్ (లోపలికి వెళ్లే పర్మిషన్) లేకపోతే లోపలి పేర్లు కనిపిస్తాయి, ఫైల్ తెరుచుకోదు. ఒక ఫైల్‌ని చెరిపేయాలంటే ఆ ఫైల్ మీద పర్మిషన్ అక్కర్లేదు, అది ఉన్న డైరెక్టరీ మీద రాసే పర్మిషన్, ఎక్స్ బిట్ ఉంటే చాలు. ఇక్కడ రిజిస్టరు సంగతి వదిలేసి నేరుగా చేయించి చూపించండి. రీడ్ ఓన్లీ ఫైల్ కళ్ల ముందే చెరిగిపోతే పిల్లలు వాళ్లంతట వాళ్లే ప్రశ్న అడుగుతారు.

షెల్ స్క్రిప్ట్ (కమాండ్లని వరసగా రాసిన ఫైల్) పాఠానికి ధవళేశ్వరం వరద హెచ్చరికలు పెట్టుకోండి. నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండో హెచ్చరిక, 17.75కి మూడో హెచ్చరిక. ఆగస్టు వచ్చిందంటే లంక గ్రామాల పిల్లలకి ఈ అంకెలు నోటికి వచ్చేస్తాయి. నీటిమట్టం అడిగి ఏ హెచ్చరికో చెప్పే స్క్రిప్ట్ రాయమనండి. అందులో రెండు తప్పులు తప్పకుండా వస్తాయి, ఆ రెండూ విలువైనవే. మొదటిది, 11.75 కంటే ఎక్కువా అని ముందు అడిగితే 18 అడుగులకి కూడా మొదటి హెచ్చరికే వస్తుంది, కాబట్టి పెద్దదాని నుంచి కిందికి రావాలి. రెండోది, ఆ కమాండ్లని నడిపే షెల్ అయిన బ్యాష్‌కి దశాంశాలు పోల్చడం రాదు, పూర్ణ సంఖ్య కావాలని ఎర్రర్ ఇస్తుంది. 1175, 1375, 1775 అని వందో వంతుల్లో రాసుకుంటే సరిపోతుంది. ఏ సంఖ్యనైనా మెషీన్ ఎలా చూస్తుందో అన్న చర్చ అక్కడే మొదలవుతుంది.

తెలుగు అక్షరాలతో ఒక చిన్న ప్రయోగం కూడా తప్పకుండా చేర్చండి. "అమ్మ" అని ఒక ఫైల్‌లో రాసి డబ్ల్యూసీ కమాండ్‌తో లెక్కపెట్టమనండి. మన కంటికి రెండక్షరాలు. ఎకో కమాండ్‌తో రాస్తే బైట్లు 13 అని వస్తుంది. యూనికోడ్‌లో అది అ, మ, పొల్లు, మ అని నాలుగు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 12, లైన్ చివర ఒకటి. అక్షరాలు లెక్కపెట్టమంటే 5 అంటుంది. ఫైల్ అంటే బైట్ల వరస తప్ప మరేమీ కాదని ఇంతకంటే బాగా చెప్పే మార్గం నాకు దొరకలేదు. కొన్ని టెర్మినల్స్‌లో ఒత్తులు విడివిడిగా, వంకరగా కనిపిస్తాయి. ఫైల్ పాడైందని పిల్లలు కంగారుపడతారు, అది చూపించడంలో లోపమే తప్ప ఫైల్‌లో ఏ తప్పూ లేదని షీట్‌లోనే రాయండి.

ఇక దేనిలో రాయాలి అన్నదానికి. మార్క్‌డౌన్‌లో (శీర్షికలు, జాబితాలు చిన్న గుర్తులతో చూపే పద్ధతి), మామూలు టెక్స్ట్ ఫైల్స్‌గా రాయండి, ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్‌లో పెట్టండి, ఒక ఫార్మాట్‌ని ఇంకోదానిలోకి మార్చే పాండాక్‌తో ప్రింటు కాపీ తీయండి. ప్రెజెంటేషన్ ఫైల్‌లో రాస్తే ఇద్దరు మాస్టార్లు వేర్వేరుగా చేసిన మార్పులు కలపడం చాలా కష్టం. ఏ లైను మారిందో కనపడదు. టెక్స్ట్ అయితే కనపడుతుంది. పీడీఎఫ్ కోసం లాటెక్ (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) దారిలో వెళితే జీలాటెక్ లేదా లువాలాటెక్ వాడాలి, పాత పీడీఎఫ్‌లాటెక్‌కి తెలుగు ఒత్తులు కూర్చడం చేతకాదు. ఆ తలనొప్పి వద్దనుకుంటే హెచ్‌టీఎంఎల్ చేసి బ్రౌజర్ నుంచి ప్రింటు తీయండి, అది చాలు. ఫాంటు మండలి గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టుకోండి. రెండూ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి, మెటీరియల్‌తో పాటే పంచవచ్చు. యూనికోడ్ కాని డీటీపీ ఫాంట్ల జోలికి మాత్రం వెళ్లకండి. నా మొదటి మూడేళ్ల నోట్సు అలాంటి ఫాంటులో ఉండిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ పోయింది. ఇప్పుడు నా దగ్గర జిరాక్సు కాపీలు మాత్రమే ఉన్నాయి, ఒక్క పదం వెతకలేను.

వర్డ్ ప్రాసెసర్ గురించి ఒక ముఖ్యమైన హెచ్చరిక. కమాండ్లని అందులో టైప్ చేయకండి. వరసగా రెండు చిన్న గీతలు కొడితే అది ఒక పొడవు గీతగా మార్చేస్తుంది. నిటారు కోట్‌ని వంపు కోట్‌గా దిద్దేస్తుంది. కంటికి అందంగా ఉంటుంది, షెల్‌కి అర్థం కాదు. పిల్లవాడు షీట్‌లో ఉన్నట్టే కాపీ చేసి పేస్ట్ చేస్తాడు, ఎర్రర్ వస్తుంది, తప్పు తనదేనని ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే తప్పు మనది. అలాగే కమాండ్ ఇక్కడ మొదలని చూపడానికి లైను మొదట్లో $ గుర్తు వేస్తే పిల్లలు దాన్ని కూడా టైప్ చేస్తారు. మొదటి షీట్‌లోనే అది టైప్ చేయకూడదని చెప్పండి, లేదా అసలు వేయకండి.

ల్యాబ్ కంప్యూటర్ల సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, మీ పాత మెషీన్లు విండోస్ 11కి సరిపోకపోవచ్చు. కాబట్టి వాటిలో లినక్స్ ఎక్కించమని మీ ప్రిన్సిపాల్ గారిని అడగడానికి ఇది మంచి సమయం. తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) 4 జీబీలో బాగానే నడుస్తుంది. పిల్లలు ప్రయోగాలు చేసేది మాత్రం వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే ఇంకో కంప్యూటర్‌లో ఉండాలి. డెస్క్‌టాప్ లేకుండా టెక్స్ట్ మోడ్ డెబియన్‌కి 1 జీబీ ఇస్తే చాలు. స్నాప్‌షాట్ (అప్పటి స్థితికి నకలు) తీసి పెట్టుకుంటే, పిల్లవాడు అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌గా వెళ్లి మొత్తం చెరిపేసినా రెండు నిమిషాల్లో మళ్లీ మొదటికి. ఆకుమడిలో నారు పోసి చూసినట్టు, అక్కడ ఎంత తప్పు చేసినా అసలు చేనుకి నష్టం లేదు. భయం లేని చోటే పిల్లలు ధైర్యంగా కమాండ్ కొడతారు. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో 20 మెషీన్లలోనూ ముందే చూసుకోండి, ఆఫ్‌లో ఉంటే 64 బిట్ మెషీన్ లేవదు.

ఆ వర్చువల్ మెషీన్‌ని ఒకసారి తయారుచేసి పెన్‌డ్రైవ్‌తో పంచుతారు. అక్కడ ఫ్యాట్32 (పెన్‌డ్రైవ్‌ల పాత ఫార్మాట్) అడ్డం పడుతుంది. 4 జీబీ లేదా అంతకంటే పెద్ద ఫైల్ ఒక్కటి కూడా అందులో పట్టదు, డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోండి. కాపీ అయ్యాక, ఫైల్ మారలేదని చూపే ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ సరిచూసుకోండి. ఇవి కూడా పాఠాలే, ఫైల్ సిస్టమ్ క్లాసులో పిల్లల చేతనే చేయించండి. కరెంటు పోవడం కూడా పాఠమే. కార్తీకంలో తుఫాను గాలికి కరెంటు పోయి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవుతున్న ఫైల్ సగంలో ఆగిందనుకోండి. రాసినదంతా వెంటనే డిస్క్‌లోకి వెళ్లదని, కొంత మెమరీలోనే ఉంటుందని, దాన్ని డిస్క్‌లోకి పంపడానికే సింక్ కమాండ్ ఉందని ఆ రోజే చెప్పాలి.

నెట్ ఉంటేనే నడిచే పని ఒక్కటి కూడా షీట్‌లో పెట్టకండి. కావాల్సిన ప్యాకేజీలన్నీ వర్చువల్ మెషీన్‌లో ముందే వేసి ఉంచండి. మ్యాన్ పేజీలు (కమాండ్ల వివరణలు) ఎలాగూ లోపలే ఉంటాయి, వాటిని చదవడం రెండో క్లాసులోనే అలవాటు చేయండి. ఏ డెబియన్ వెర్షన్ మీద పరీక్షించారో, ఏ నెలలో పరీక్షించారో ప్రతి షీట్ అడుగున రాయండి. రాజోలు మాస్టారి దగ్గర ఫలితం వేరుగా వస్తే ఆయన ముందు చూసేది అదే.

తెలుగు ఎంత ఉండాలి అన్నారు. వాక్యం మొత్తం తెలుగు, పారిభాషిక పదం మాత్రం వాడుకలో ఉన్నదే. ప్రాసెస్‌ని ప్రాసెస్ అనండి, డైరెక్టరీని డైరెక్టరీ అనండి. నిఘంటువు చూసి నిర్వహణ వ్యవస్థ, సంచయం అని రాస్తే, ఆ మాట పిల్లవాడికి ఇంటర్వ్యూలో వినపడదు, తెర మీద కనపడదు, ఇంట్లో ఎవరూ అనరు. వాడికి ఒకటి నేర్పబోయి రెండు నేర్పినట్టు అవుతుంది. తెలుగు చేయాల్సిన పని వివరణలో ఉంది. ఎందుకు, ఎలా, ఏమవుతుంది అన్నవి సొంత భాషలో చెబితే లోపలికి దిగుతాయి. కమాండ్లు, ఎర్రర్ మెసేజ్‌లు మాత్రం తెర మీద ఎలా ఉంటాయో అలాగే ఇంగ్లీషు లిపిలో ఉంచి, పక్కన ఆ మాటకి అర్థం తెలుగులో చెప్పండి. పర్మిషన్ డినైడ్, కమాండ్ నాట్ ఫౌండ్, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ, ఈ మూడింటినీ మొదటి వారంలోనే కావాలని తెప్పించండి. ఎర్రర్ చదవడం వచ్చిన పిల్లవాడికి మనం పక్కన నిలబడక్కర్లేదు.

ఒక పదాల పట్టిక ఫైల్ పెట్టుకోండి. ఏ పదాన్ని తెలుగులో ఎలా రాస్తున్నామో, దాని ఇంగ్లీషు స్పెల్లింగ్ ఏమిటో, ఒక్క వాక్యంలో అర్థం ఏమిటో. రేపు ఇంకో ఇద్దరు మాస్టార్లు చేరితే ఒకరు కెర్నల్ అని, ఒకరు కెర్నెల్ అని రాస్తారు, వెతికితే దొరకదు. ఇంకో మాట, ముందు ఇంగ్లీషులో రాసి తర్వాత తెలుగులోకి మార్చకండి. క్లాసులో నోటితో ఎలా చెబుతారో ఫోన్‌లో రికార్డు చేసుకుని, అది విని రాయండి. నా షీట్లు బాగుపడింది అలా రాయడం మొదలుపెట్టాకే.

లైసెన్స్ దగ్గర ఎక్కువ ఆలోచించాల్సిన పని లేదు. పాఠానికి క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 4.0 పెట్టండి. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది మళ్లీ అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. తెలుగు వికీపీడియా పాఠ్యం కూడా అదే లైసెన్స్, అందువల్ల ఇచ్చిపుచ్చుకోవచ్చు. స్క్రిప్ట్‌లకి మాత్రం ఎంఐటీ గానీ జీపీఎల్ గానీ పెట్టండి, సాఫ్ట్‌వేర్‌కి తమ లైసెన్స్‌లు వాడవద్దని క్రియేటివ్ కామన్సే చెబుతుంది. వ్యాపారానికి వాడకూడదు అనే షరతు పెట్టాలని మనసు లాగుతుంది. పెట్టకండి. ఫీజు తీసుకునే కంప్యూటర్ సెంటర్లో చెప్పే మాస్టారు, షీట్లు ప్రింటు తీసి అమ్మే జిరాక్సు కొట్టు, వీళ్లు వాడచ్చా లేదా అని సందేహం వస్తే అందరూ మానేస్తారు. మన ఊళ్లలో పిల్లలు నేర్చుకునేది ఎక్కువగా అలాంటి చోట్లే. మార్చకూడదు అనే షరతు పెడితే అసలు ప్రయోజనమే పోతుంది.

ఒక్క విషయం మాత్రం ముందే చూసుకోండి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యాజమాన్యమే. అందుకని మీ సంస్థ నుంచి ఒక్క పేజీ అనుమతి కాగితం తీసుకుని దాచుకోండి. గూగుల్‌లో దొరికిన బొమ్మలు పెట్టకండి. కాలువ బొమ్మ చేత్తో గీసి ఫోటో తీసినా చాలు.

ఉన్నదాన్ని మళ్లీ రాయకండి. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్‌లో లినక్స్ పాఠాలు ఉన్నాయి, తెలుగు ఆడియోతో కూడా. చూస్తూ పక్కనే చేసుకునేలా చిన్న చిన్నవిగా ఉంటాయి. లినక్స్ శిక్షణ మెటీరియల్ ఎలా కూర్చాలో చూడాలంటే బూట్లిన్ సంస్థ తన స్లైడ్లు, ల్యాబ్‌లు మూలప్రతులతో సహా బై-ఎస్ఏ కింద ఇచ్చింది, అవి తెరిచి చూడండి. అది ఎంబెడెడ్ ఇంజినీర్లకి రాసినది, మన పిల్లల స్థాయి కాదు. కానీ ఫైల్స్ ఎలా విడగొట్టారు, ల్యాబ్ డేటా ఎలా ఇచ్చారు అన్నది నేర్చుకోవచ్చు.

చివరగా, బయటికి ఇచ్చే ముందు చేయాల్సిన పని. మీ షీట్‌ని వేరే మాస్టారికి ఇచ్చి క్లాసు చెప్పమనండి. మీరు వెనక బెంచీలో కూర్చోండి. ఒక్క మాట మాట్లాడకండి. ఎక్కడ ఆయన ఆగి వెనక్కి తిరిగి మీ వైపు చూస్తారో ఆ లైను రాసుకోండి, అక్కడ షీట్‌లో ఏదో లోపించింది. నోరు కట్టుకుని కూర్చోవడం చాలా కష్టం, నాకు మూడుసార్లు పట్టింది. తప్పులు చెప్పడానికి అందరూ గిట్‌లోకి రారు. ఒక వాట్సాప్ నంబరు పెట్టండి. వచ్చినవి వారానికి ఒకసారి మీరే గిట్‌లో ఎక్కించి, ఎవరు చెప్పారో వాళ్ల పేరు, వాళ్లు సరే అంటే, మార్పుల జాబితాలో రాయండి. పేరు కనపడిన మాస్టారు రెండో తప్పు కూడా వెతికి పంపుతారు.

20 షీట్లూ పూర్తయ్యేదాకా ఆగకండి. మొదటి మూడు రాయగానే ఇవ్వండి. పాత్‌లు, ఎర్రర్లు, పర్మిషన్లు, ఆ మూడూ అయితే మేలు. నాకు పంపండి, రావులపాలెంలో మా సాయంత్రం బ్యాచ్‌తో చేయించి, ఎవరు ఎక్కడ ఆగారో లైను నంబర్లతో సహా రాసి పంపుతాను.